పెట్టె మారినప్పుడు: బరానగర్ లెక్కల గదులలో నిల్వ యంత్రాల కథ

మీ కాలేజీలోనో, ఆఫీసులోనో ఒక మూల అల్మారాలో చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. దానిలో రెండో నాలుగో హార్డ్ డిస్కులు ఉంటాయి. అక్కడి కంప్యూటర్లన్నీ తమ ఫైళ్లను దానిలోనే దాచుకుంటాయి. దీనిని నెట్‌వర్క్ స్టోరేజి అంటారు. వాడుకలో ‘నాస్’ అనే పొట్టి పేరుంది. అయిదారేళ్లు పనిచేశాక పెట్టె పాతబడుతుంది, కొత్తది కొంటారు. రాత్రంతా కూర్చుని ఫైళ్లన్నీ పాతదానిలోంచి కొత్తదానిలోకి కాపీ చేస్తారు. తెల్లవారి చూస్తే ఫైళ్ల సంఖ్య సరిపోయింది, గిగాబైట్ల లెక్కా సరిపోయింది. అయినా అకౌంట్స్ విభాగం వారికి తమ ఫోల్డరు తెరుచుకోదు. ఎవరికీ కనబడకూడని జీతాల పట్టిక మాత్రం అందరికీ కనబడుతుంది. వరండాలోని స్కానరు ఇంకా పాత పెట్టెనే వెతుక్కుంటూ ఉంటుంది.

ఫైళ్లన్నీ వచ్చాయి కదా, మరి రానిది ఏమిటి?

ఈ ప్రశ్న మన దేశంలో కొత్తది కాదు. లెక్కలను ఒక నిల్వ యంత్రం నుంచి మరొక దానికి మార్చవలసిన అవసరం కలకత్తాలో (2001 నుంచి కోల్‌కతా) 1950లలోనే వచ్చింది. అప్పట్లో నెట్‌వర్కు లేదు, డిస్కు లేదు. చిక్కు మాత్రం ఇదే. ఆ కథ తెలిస్తే మీ అల్మారాలోని పెట్టె సంగతి కూడా బాగా తెలుస్తుంది.

కలకత్తాకు ఉత్తరాన, బారక్‌పూర్ ట్రంక్ రోడ్డు మీద బరానగర్ ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అక్కడే ఉంది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931 డిసెంబరులో దానిని స్థాపించినప్పుడు అది బరానగర్‌లో లేదు. ప్రెసిడెన్సీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలోని గణాంక ప్రయోగశాల నుంచి అది పుట్టింది. నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. చేసిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1941లో ఈ సంస్థలో చేరారు. లోకం ఆయనను సి.ఆర్.రావుగా ఎరుగును. 1945లో ఆయన పేరుతో నిలిచిపోయిన క్రామర్-రావు అసమానత వచ్చిన రోజులలో అక్కడి లెక్కలన్నీ చేతితో తిప్పే గణన యంత్రాల మీదే జరిగేవి. ‘కంప్యూటర్’ అనేది అప్పట్లో ఉద్యోగం పేరు అంటే ఈనాటి విద్యార్థులు నవ్వుతారు. కానీ మన గణాంక కార్యాలయాలలో కూర్చుని లెక్కలు వేసే మనిషినే చాలాకాలం ఆ మాటతో పిలిచారు. ఆ మనిషి కాగితం మీది అంకెను చూసి, అదేమిటో అర్థం చేసుకుని వేసేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉంది.

1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలైంది. మొదటి విడత 1950 అక్టోబరు నుంచి 1951 మార్చి వరకు జరిగింది. దేశం మొత్తం మీద 1,833 గ్రామాలను ఎంచుకుని, ఇంటింటికీ వెళ్లి, ఏం తిన్నారు, ఎంత ఖర్చు పెట్టారు అని అడిగారు. ఒక ఊళ్లో ధాన్యం కుంచాలలో చెబుతారు, మరో ఊళ్లో బస్తాలలో, ఇంకోచోట మణుగులలో చెబుతారు. వాటన్నిటినీ ఒకే కొలతలోకి తేవాలి. ఇలా దేశం నలుమూలల నుంచి వచ్చే సర్వే పత్రాలను మనుషులు ఒక్కొక్కటిగా కూడితే ఫలితం వచ్చేసరికి ప్రణాళికా కాలమే గడిచిపోతుంది. అందుకని ఈ లెక్కలను కార్డులకు ఎక్కించారు.

చిల్లుల కార్డును ఈ తరం వారు చూసి ఉండరు. కాస్త గట్టి కాగితం, ఏడు అంగుళాలకు కొంచెం పైన పొడవు, మూడంగుళాలకు కొంచెం పైన వెడల్పు. అందులో 80 నిలువు వరుసలు ఉంటాయి. ఒక్కొక్క వరుసలో ఒక అంకె, ఆ అంకె స్థానంలో ఒక చిల్లు. అంటే ఒక కార్డులో 80 అంకెలు పడతాయి. ఈనాటి ఫోను తీసే 3 మెగాబైట్ల ఫొటో ఒక్కదానిని అలాంటి కార్డుల మీద దాచాలంటే సుమారు 37,500 కార్డులు కావాలి. వాటిని ఒకదానిమీద ఒకటి పేరిస్తే రెండంతస్తుల మేడ ఎత్తు వస్తుంది. పైగా కాగితం తేమను పీలుస్తుంది. వానాకాలం కలకత్తా గాలి ఎలా ఉంటుందో అక్కడ నాలుగు రోజులున్న వారికి తెలుసు. ఉబ్బిన కార్డు యంత్రంలో ఇరుక్కుంటుంది.

ఎత్తూ తేమా అలా ఉంచండి. కార్డులోని అసలు విశేషం మరొకటి. ఒక కార్డులో 27వ నిలువు వరుసలో 3 అనే చోట చిల్లు ఉందనుకోండి. ఈ 3 అంటే ఏమిటి? ముగ్గురు పిల్లలా? మూడెకరాలా? ‘కౌలు రైతు’ అనే వృత్తికి ఇచ్చిన సంకేతమా? కార్డు చెప్పదు. 26, 27 వరుసలు కలిపి చదవాలో, 27ను విడిగా చదవాలో కూడా కార్డు చెప్పదు. దశాంశ బిందువుకు చోటు వృథా అని దానిని పెట్టరు. 1250 అని ఉంటే అది 1250 రూపాయలో, 12 రూపాయల 50 పైసలో తెలియాలంటే వేరే కాగితం చూడాలి. ఆ కాగితమే సంకేత పట్టిక. ఏ వరుస నుంచి ఏ వరుస వరకు ఏ విషయం, ఏ అంకెకు ఏ అర్థం అన్నది అందులో ఉంటుంది. కార్డుల బీరువా ఒక గదిలో ఉంటుంది, సంకేత పట్టిక మరొకరి బల్ల సొరుగులో ఉంటుంది. మొదటిది ఎంత పెద్దదైనా రెండవది లేకపోతే అది చిల్లుల కాగితాల కట్ట మాత్రమే.

ఇప్పుడు మీ పెట్టెలోని జీతాల పట్టిక సంగతి చూడండి. ఒక ఫైలును ఎవరు తెరవవచ్చో చాలా పెట్టెలు పేరుతో రాసుకోవు, అంకెతో రాసుకుంటాయి. పాత పెట్టెలో 1003 అంటే అకౌంట్స్ గుమాస్తా. కొత్త పెట్టెలో ఖాతాలు మళ్లీ మొదటి నుంచి తెరిచినప్పుడు 1003 అనే అంకె ఎవరికి దక్కుతుంది? ఆ వరుసలో ఎవరి పేరు పడితే వారికి. ఫైలుతో పాటు 1003 కూడా నమ్మకంగా కాపీ అయింది. 1003 అంటే ఎవరన్న పట్టిక మాత్రం పాత పెట్టెలోనే ఉండిపోయింది. 27వ వరుసలోని 3కూ, దీనికీ తేడా లేదు.

ఇక యంత్రాల కథకు వద్దాం. లండన్‌లోని బర్క్‌బెక్ కాలేజీలో ఆండ్రూ డొనాల్డ్ బూత్ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించిన నమూనాను ఆధారం చేసుకుని బ్రిటిష్ టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీ ఒక ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌ను తయారు చేసింది. దాని పేరు హెచ్.ఇ.సి.-2ఎం. 1955 చివర అది పెట్టెలలో సర్దుకుని బరానగర్ చేరింది, 1956లో పనిలోకి దిగింది. మన దేశంలో పనిచేసిన మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. సమరేంద్ర కుమార్ మిత్రా ఆధ్వర్యంలోని ఇన్‌స్టిట్యూట్ ఇంజినీర్లకు అప్పటికే కొంత చేయి తిరిగింది. 1953లోనే వారు ఒక అనలాగ్ కంప్యూటర్‌ను సొంతంగా నిర్మించారు.

హెచ్.ఇ.సి.-2ఎం జ్ఞాపకమంతా ఒక అయస్కాంత డ్రమ్ములో ఉండేది. అయస్కాంత పూత ఉన్న స్థూపం ఒకటి వేగంగా తిరుగుతూ ఉంటుంది. దాని పక్కన చదివే, రాసే తలలు కదలకుండా ఉంటాయి. అందులో నిలిచేవి 1024 పదాలు. గణన యంత్రాల భాషలో పదం అంటే ఒక సంఖ్యకో, ఒక ఆదేశానికో సరిపడే గది. వెయ్యి గదుల్లో దేశవ్యాప్త సర్వేను నింపే ప్రశ్నే లేదు. కాబట్టి కార్డులే గోదాముగా ఉన్నాయి. డ్రమ్ము పని బల్ల అయింది.

ఈ డ్రమ్ములో చిరునామా అంటే నిజంగా ఒక చోటు. ఉదాహరణకు, నిమిషానికి 3000 చుట్లు తిరిగే డ్రమ్ము ఒకటి అనుకోండి. ఒక చుట్టుకు 20 మిల్లీసెకన్లు. మీకు కావలసిన సంఖ్య ఇప్పుడే తల కింద నుంచి దాటిపోయి ఉంటే, అది మళ్లీ వచ్చేదాకా దాదాపు ఆ 20 మిల్లీసెకన్లూ ఆగాలి. రంగులరాట్నంలో మన పిల్లవాడు కూర్చున్న గుర్రం దాటిపోతే మళ్లీ వచ్చేదాకా నిలబడినట్టు. అందుకే బూత్ యంత్రాల వంశంలో ప్రతి ఆదేశంలోనూ ‘తరువాతి ఆదేశం ఫలానా చిరునామాలో ఉంది’ అని కూడా రాసే ఏర్పాటు ఉంది. ఒక ఆదేశం పని పూర్తయ్యేసరికి రెండవది సరిగ్గా తల కిందికి వచ్చేలా వాటిని డ్రమ్ము చుట్టూ వెదజల్లి రాసేవారు. ప్రోగ్రాము రాయడం అంటే లెక్క తెలియడం ఒక్కటే కాదు, డ్రమ్ము ఎలా తిరుగుతోందో కూడా తెలియాలి. ఇది గొప్ప నైపుణ్యమే. కాకపోతే అలా రాసిన ప్రోగ్రాము ఆ ఒక్క యంత్రానికి అతుక్కుపోతుంది.

ఆ అతుకు ఎంత గట్టిదో రెండవ యంత్రం వచ్చినప్పుడు తెలుస్తుంది. సోవియట్ యూనియన్‌లో బషీర్ రమేయెవ్ రూపొందించిన యూరల్ యంత్రం 1957 నుంచి పెంజా నగరంలో వరుసగా తయారవుతోంది. ఐక్యరాజ్యసమితి సాంకేతిక సహాయం కింద ఒక యూరల్ 1958లో బరానగర్ వచ్చింది. ఒకే సంస్థ ఆవరణలో ఇంగ్లండు కంప్యూటరూ, రష్యా కంప్యూటరూ! ప్రచ్ఛన్న యుద్ధం నడుమ ఇలా రెండు శిబిరాల యంత్రాలనూ తెచ్చుకోవడం మహలనోబిస్ పట్టుదలకు గుర్తు అని నా అభిప్రాయం.

యూరల్‌కు కూడా డ్రమ్ము జ్ఞాపకమే, అందులోనూ 1024 పదాలే. కనుక ఇక్కడి ప్రోగ్రాము అక్కడ పెట్టేస్తే సరిపోతుందని మీరు అనుకోవచ్చు. సరిపోదు. యూరల్ ఆదేశంలో ఒకే చిరునామా ఉంటుంది, తరువాతి ఆదేశం వరుసలో పక్కనే ఉంటుందని ఆ యంత్రం అనుకుంటుంది. పదం పొడవు వేరు, ఆదేశాల సంకేతాలు వేరు. పైగా, తయారైన రూపంలో యూరల్ చదివేది కార్డులను కాదు, చిల్లులు కొట్టిన 35 మిల్లీమీటర్ల ఫిల్ము పట్టీని. సినిమా రీలు లాంటిదే. దానికి తోడు అయస్కాంత టేపు ఉండేది, దానిలో 40,000 పదాల దాకా నిలువ చేయవచ్చు. మరి కార్డు మీది అంకె ఫిల్ము మీదికి ఎలా వెళుతుంది? మధ్యలో ఎవరో ఒకరు దానిని మళ్లీ చిల్లుగా కొట్టాలి. ప్రోగ్రామునైతే కొత్త యంత్రం భాషలో మొదటి నుంచీ రాయాలి. ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి చెక్కు చెదరకుండా వెళ్లేది లెక్క చేసే పద్ధతి ఒక్కటే. అదీ ఎవరైనా కాగితం మీద స్పష్టంగా రాసి ఉంచితేనే.

కొత్త నాస్ పెట్టె కొన్నవారు చాలామంది ఇక్కడే తడబడతారు. పాత పెట్టెలోని డిస్కులు ఊడదీసి కొత్త పెట్టె అరలలో దూర్చితే చదివేస్తుందనుకుంటారు. రెండు కంపెనీల పెట్టెలు డిస్కుల మీద సమాచారాన్ని పరిచే తీరు వేరుగా ఉండవచ్చు. నాలుగు డిస్కుల మీద ముక్కలుగా పరిచిన ఫైలును ఏ ముక్క ఎక్కడుందో తెలిసిన పెట్టే కలపగలదు. తెలియని పెట్టె వాటిని ఖాళీ డిస్కులనుకుని, ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని మర్యాదగా అడుగుతుంది. అలవాటు కొద్దీ ‘సరే’ నొక్కారో, అంతే. డిస్కు డిస్కే, డ్రమ్ము డ్రమ్మే; పరిచిన తీరు తెలియకపోతే లోపల ఉన్నది లేనట్టే లెక్క.

తరువాతి కాలం వేగంగా నడిచింది. 1964లో ఇన్‌స్టిట్యూట్‌కు ఐ.బి.ఎం.1401 వచ్చింది. ఇది కార్డులను ఇష్టంగా చదివే యంత్రం, జ్ఞాపకానికి డ్రమ్ము బదులు ఫెర్రైట్ రింగులు వచ్చాయి. ఇన్‌స్టిట్యూట్, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి ట్రాన్సిస్టర్లతో సొంతంగా నిర్మించిన ఐ.ఎస్.ఐ.జె.యు.-1 యంత్రం 1966లో ప్రారంభమైంది. గమనించండి, పదేళ్లలో నాలుగు యంత్రాలు, నాలుగు రకాల అమరికలు. వీటన్నిటి పక్కనా మారకుండా ఉన్నది 80 వరుసల కార్డు. కాగితపు ముక్క డ్రమ్ముల కన్నా ఎక్కువ కాలం బతకడానికి కారణం అది మన్నికైనదని కాదు. దానిని చదివే ఒప్పందం అందరికీ తెలుసు, అంతే.

ఇక యంత్రాలతో పాటు ఇల్లు కూడా మారింది. 1970ల ఆరంభంలో నేషనల్ శాంపిల్ సర్వేను ఇన్‌స్టిట్యూట్ నుంచి వేరుచేసి ప్రభుత్వ సంస్థగా పునర్వ్యవస్థీకరించారు. 1972 జూన్ 28న మహలనోబిస్ కన్నుమూశారు. సి.ఆర్.రావుగారు ఇన్‌స్టిట్యూట్ పగ్గాలు చేపట్టారు. సర్వే లెక్కలను ప్రాసెస్ చేసే విభాగం మాత్రం కలకత్తాలోనే ఉండిపోయింది. బరానగర్‌లోనే గోపాల్ లాల్ టాగోర్ రోడ్డులో దాని కార్యాలయం ఉన్న భవనానికి మహలనోబిస్ పేరే పెట్టారు. 1978లో ఐ.బి.ఎం. సంస్థ భారతదేశం వదలి వెళ్లిపోయింది. దాని యంత్రాల మరమ్మతు భారం ప్రభుత్వ రంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడింది. యంత్రాన్ని చేసినవాడు వెళ్లిపోయాడు, యంత్రం మిగిలింది. పాత నాస్ పెట్టెకు కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజు మీకు ఇది అనుభవంలోకి వస్తుంది.

ఇన్ని మార్పుల తరువాత ఆ సర్వేలలో ఏది మిగిలింది? 1950ల నుంచి 1970ల వరకు జరిగిన సర్వేల విషయంలో పరిశోధకులకు ముఖ్యంగా మిగిలినవి అచ్చయిన నివేదికలలోని పట్టికలు. ఎంత ఖర్చు పెట్టే కుటుంబాలు నూటికి ఎన్ని అన్న మొత్తాలు మాత్రమే వాటిలో ఉంటాయి. ఒక్కొక్క ఇంటి లెక్కా విడిగా విరివిగా వాడుకలో ఉన్నది 1983 నాటి 38వ విడత నుంచే. 1996లో ప్రపంచ బ్యాంకు కోసం బెర్క్ ఓజ్లర్, గౌరవ్ దత్, మార్టిన్ రవాలియన్ మన దేశ పేదరికం మీద 1951 నుంచి లెక్కలు కూర్చినప్పుడు, పాత సంవత్సరాలకు వారికి ఆధారం అచ్చు పట్టికలే. పట్టిక ఉంటే సగటు తెలుస్తుంది. కానీ ‘1955లో గోదావరి జిల్లాలలో భూమి లేని కుటుంబాలలో స్త్రీ యజమానిగా ఉన్నవి ఏం తిన్నాయి?’ అని ఈ రోజు మీకు కొత్త ప్రశ్న తోస్తే పట్టిక జవాబివ్వదు. దానికి ఇంటింటి కార్డు కావాలి. ఎండలో పొలం గట్ల మీద నడిచి, చెప్పడానికి ఇష్టపడని వారిని ఒప్పించి రాసుకున్న వివరాలవి. వాటి బదులు మనకు వాటి మొత్తాలు చేరాయి.

1983 తరువాతి లెక్కలు దక్కడానికి కారణం మంచి డిస్కులు ఒక్కటే కాదు. వాటితో పాటు ‘లేఅవుట్’ అనే చిన్న ఫైలు కూడా ప్రయాణం చేసింది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని ఈ రోజు గణాంక మంత్రిత్వ శాఖ వారి మైక్రోడేటా పోర్టల్ నుంచి పాత విడత ఒకటి తెచ్చుకుని తెరిస్తే, ఆమెకు మొదట కనిపించేది ఖాళీ లేకుండా అంటుకుపోయిన అంకెల వరుసలు. కామా లేదు, శీర్షిక లేదు. ఎన్నో స్థానం నుంచి ఎన్నో స్థానం వరకు జిల్లా, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు కుటుంబ సభ్యుల సంఖ్య అన్నది లేఅవుట్ చూసి విడదీసుకోవాలి. కార్డు పోయింది గాని కార్డు అలవాటు పోలేదు.

అందులో ఒక అంశం మరీ జాగ్రత్తగా చూడాలి. సర్వేలో పలకరించిన ఒక్కొక్క ఇల్లు దేశంలోని ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే సంఖ్యను గుణకం అంటారు. ఫైలులో దానిని దశాంశ బిందువు లేకుండా రాశారు. కనుక 100తో భాగించాలి. భాగించడం మరిచిపోతే 121 కోట్ల జనాభా 12,100 కోట్లవుతుంది. ఈ తప్పు వెంటనే పట్టుబడుతుంది, నవ్వుకుని దిద్దుకుంటాం. పట్టుబడనిది ఇంకొకటి ఉంది. మహలనోబిస్ బెంగాల్‌లో జనపనార పంట సర్వేలు చేసిన రోజులలోనే, నమూనాను రెండు స్వతంత్ర భాగాలుగా చేసి, ఒకదానితో ఒకటి సరిచూసుకునే పద్ధతి పెట్టారు. ఆ పద్ధతి సర్వేలో కొనసాగింది. ఒక ప్రాంతంలో రెండు భాగాలూ ఉంటే, రెండూ కలిపి లెక్కవేసేటప్పుడు గుణకాన్ని 200తో భాగించాలి. ఒకటే ఉంటే 100తో. ఏది ఎక్కడో చెప్పడానికి చాలా విడతల ఫైళ్లలో ఎన్.ఎస్.ఎస్., ఎన్.ఎస్.సి. అనే రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది ఒక భాగంలో పరిశీలించిన వాటి లెక్క, రెండవది రెండు భాగాలూ కలిపిన లెక్క. రెండూ సమానమైతే 100, కాకపోతే 200. ఈ వాక్యం తెలియని వాడు అన్నిటినీ 200తోనే భాగిస్తే, ఒకే భాగం ఉన్న ప్రాంతాల ఇళ్లు మాత్రం సగానికి తగ్గిపోతాయి. మొత్తం చూడటానికి సబబుగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. అక్కడి పేదలు సగం మంది లెక్కలోంచి జారిపోతారు.

అందుకే ఆ అంకెల ఫైలుతో పాటు లేఅవుట్ కూడా తెచ్చుకుని, రెండింటినీ ఒకే ఫోల్డరులో పెట్టుకోమని మా విద్యార్థులకు చెబుతుంటాను. మీ నాస్ పెట్టె విషయంలోనూ అంతే. పాతదానిని ఆపేసే ముందే దాని ఖాతాల జాబితా, ఎవరికి ఏ అంకె ఉందో, ఏ ఫోల్డరుకు ఎవరికి అనుమతి ఉందో, నెట్‌వర్కులో దాని పేరూ చిరునామా, ఏ రాత్రి ఏ ఫోల్డరు నకలు ఎక్కడికి వెళుతుందో కాగితం మీద అచ్చు తీయండి. కొత్త పెట్టెలో ఖాతాలను అవే అంకెలతో తెరవండి. వీలైతే పాత పేరునూ, చిరునామానూ దానికే ఇవ్వండి, అప్పుడు వరండాలోని స్కానరుకు పెట్టె మారిన సంగతే తెలియదు. రెండు పెట్టెలూ ఒకే చిరునామాతో ఒకేసారి నడవకూడదు కనుక ముందు పాతదానిని నెట్‌వర్కు నుంచి తప్పించాలి. దాని డిస్కులను మాత్రం చెరపవద్దు. నెలాఖరు జీతాల బిల్లు ఒకటి కొత్త పెట్టె మీద పూర్తయ్యేదాకా వాటిని అలాగే ఉంచండి.